దమ్ముకు తేదీ ఏది? సింగరేణి గనుల్లో రోగనిర్ధారణ, దావా మియాదు: ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

గని ప్రమాదానికి తేదీ ఉంటుంది. గని దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బుకు అలాంటి తేదీ లేదు. వైద్యుడు దానిని గుర్తించిన రోజే చట్టం దృష్టిలో దాని తేదీ అవుతుంది. గుర్తించకపోతే తేదీ లేదు, తేదీ లేకపోతే దావాకు ఆధారం లేదు. 1923 నాటి కార్మిక నష్టపరిహార చట్టం మొదలుకొని నేటి సామాజిక భద్రతా కోడ్ వరకు ఈ 'తేదీ'ని ఎక్కడ నిలపాలన్న విషయంలో శాసనకర్తలు చేసిన మార్పులను మంచిర్యాల, గోదావరిఖని ప్రాంతపు గని జీవితం నేపథ్యంలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. ఇదే సమస్యను అమెరికా, ఇంగ్లండు న్యాయస్థానాలు ఎదుర్కొన్న తీరును, వైద్యంలో పొరపాటుకు సంబంధించిన మన సుప్రీంకోర్టు తీర్పులను అవసరమైన మేరకు పోల్చి చూడడం జరిగింది.

కీలక పదాలు: సింగరేణి, న్యుమోకోనియోసిస్, రోగనిర్ధారణ, కాలదోషం, మియాదు, కార్మిక నష్టపరిహార చట్టం, మెడికల్ బోర్డు.

ఉపోద్ఘాతం:

తెలుగులో 'కాలదోషం పట్టింది' అన్న మాట న్యాయశాస్త్రం చదవనివారికి కూడా తెలుసు. అప్పిచ్చినవాడు మూడేళ్ల లోపు దావా వేయకపోయినా, బాకీదారు చేత చెల్లు రాయించుకోకపోయినా ప్రోనోటు చెల్లని కాగితం అవుతుందని ఊళ్లో పెద్దగా చదువుకోని రైతు కూడా చెప్పగలడు. తెలంగాణలో ఉర్దూ పాలన నుంచి వచ్చిన 'మియాదు' అన్న మాట గడువును మాత్రమే సూచిస్తుంది. 'కాలదోషం' అలా కాదు. అందులో దోషం అన్న భావన ఉంది. ఆ దోషం కాలానిదా, ఆలస్యం చేసిన మనిషిదా అన్నది ఆ సమాసం తేల్చి చెప్పదు. ప్రోనోటు విషయంలో అది తేల్చవలసిన అవసరమూ రాదు. అప్పు ఇచ్చిన రోజు కాగితం మీదనే ఉంటుంది, ఇచ్చినవాడికీ తెలుసు, తీసుకున్నవాడికీ తెలుసు.

శరీరానికి జరిగిన నష్టం విషయంలో ఆ స్పష్టత ఎప్పుడూ ఉండదు. 2003 జూన్ 16న గోదావరిఖని 7ఎల్‌ఈపీ గనిలోకి నీరు చొచ్చుకొని వచ్చి 17 మంది కార్మికులు మరణించారు. ఆ తేదీని ఈ ప్రాంతం మరచిపోలేదు. నష్టపరిహారమైనా, విచారణైనా, సంస్మరణ సభైనా ఆ తేదీ నుంచే లెక్క. అదే గోదావరిఖనిలో, మంచిర్యాలలో, మందమర్రిలో ముప్పై ఏళ్లు బొగ్గు ఎత్తి, దిగిపోయిన కొన్నేళ్లకు నాలుగు మెట్లు ఎక్కలేని స్థితికి వచ్చిన మనిషికి అలాంటి తేదీ ఏదీ లేదు. నేను పాఠం చెప్పే తరగతిలో గని కుటుంబాల పిల్లలు చాలామంది ఉంటారు. మీ తాతకు దమ్ము ఎప్పటి నుంచి అని ఒకసారి అడిగితే వచ్చిన జవాబులు ఇవి: 'డ్యూటీ దిగిపోయినంక', 'మా అక్క పెండ్లయిన ఏడు', 'ఎప్పటి నుంచో ఉండె సార్'. కుటుంబ స్మృతిలో ఇవి మంచి తేదీలే. కమిషనర్ ముందు వేసే దరఖాస్తులో మాత్రం ఇవి నిలబడవు.

రోగాన్ని సకాలంలో గుర్తించకపోవడం వల్ల జరిగే నష్టం ఆరోగ్యానికే పరిమితం కాదనీ, దావా హక్కు మొదలయ్యే రోజును కూడా అది చెరిపివేస్తుందనీ ఈ వ్యాసంలో చూపదలచాను.

గని, దుమ్ము, దమ్ము:

1871 ప్రాంతంలో భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు నిక్షేపాలను గుర్తించాడు. 1886లో ఇంగ్లండులో నమోదైన హైదరాబాద్ (దక్కన్) కంపెనీ తవ్వకపు హక్కులు పొందింది. 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ ఏర్పడింది. 1945లో నిజాం ప్రభుత్వం మెజారిటీ వాటాలు కొన్నది. నేడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా ఉన్నాయి. గోదావరికి ఈవల బెల్లంపల్లి, మందమర్రి, రామకృష్ణాపూర్, శ్రీరాంపూర్ గనులతో ఏర్పడిన పట్టణాల వరుస 2016 అక్టోబరు 11న ఆదిలాబాద్ నుంచి విడివడి మంచిర్యాల జిల్లాలో భాగమైంది. ఆవల రామగుండం, గోదావరిఖని. ఈ చరిత్ర పలుచోట్ల రాయబడినదే కనుక ఇక్కడ విస్తరించడం లేదు.

ఇంతగా రాయబడనిది దుమ్ము చరిత్ర. గోదావరి లోయ బొగ్గు పొరలు గోండ్వానా ఇసుకరాళ్ల మధ్య ఉంటాయి. బొగ్గును కోసేటప్పుడు, మందుపాతర పేల్చేటప్పుడు, తట్టా చెమ్మస్‌తో టబ్బుల్లోకి ఎత్తేటప్పుడు లేచేది బొగ్గు దుమ్ము. పైకప్పుకు బోల్టులు వేయడానికి రాతిని తొలిచేటప్పుడు లేచేది ఇసుకరాతి దుమ్ము; అందులో సిలికా ఎక్కువ. కంటికి కనిపించే నల్లటి దుమ్ము ముక్కులో, గొంతులో ఆగిపోతుంది, ఉమ్మితే పోతుంది. కంటికి కనిపించని అతి సన్నని కణాలే ఊపిరితిత్తుల అడుగుదాకా చేరి అక్కడ ఉండిపోతాయి. వాటి చుట్టూ మచ్చలు కట్టి, కణజాలం గట్టిపడుతుంది. ఈ జబ్బుల కుటుంబానికి న్యుమోకోనియోసిస్ అని పేరు. బొగ్గు వల్ల వచ్చేది, సిలికా వల్ల వచ్చే సిలికోసిస్, రెండూ కలిసినది, దానికి క్షయ తోడైనది ఇందులోకే వస్తాయి. సాధారణంగా పదేళ్లకు పైగా దుమ్ములో పనిచేసిన తరువాత ఇది బయటపడుతుంది. కొన్నిసార్లు పని మానేసిన ఎన్నో ఏళ్లకు బయటపడుతుంది, పని మానేసినా ముదురుతూనే ఉంటుంది. మచ్చ కట్టిన ఊపిరితిత్తిని మళ్లీ మామూలు చేసే మందు లేదు.

గని వాడలో దీనికి ఉన్న పేరు 'దమ్ము'. ఆ పేరు చాలా విశాలమైనది. ఉబ్బసం దమ్మే, బీడీ వల్ల వచ్చే ఆయాసం దమ్మే, గుండె జబ్బుతో వచ్చే ఎగశ్వాస కూడా దమ్మే. వైద్యుడి దగ్గర ఆ పేరు విడిపోవాలి. అక్కడ అది ఎక్కువగా పొరపాటు పడే చోటు క్షయ. దగ్గు, బరువు తగ్గడం, ఎక్స్‌రేలో పై భాగంలో మచ్చలు రెండింటికీ ఉంటాయి. పైగా సిలికా చేరిన ఊపిరితిత్తికి క్షయ సోకే అవకాశం మామూలుకన్నా ఎక్కువ కనుక రెండూ నిజంగానే కలిసి ఉండవచ్చు. గని చరిత్ర అడగని వైద్యుడు క్షయ అని రాసి మందులు ఇస్తే, ఆ మాట వైద్యపరంగా పూర్తి అబద్ధం కాకపోవచ్చు. చట్టపరంగా మాత్రం ఆ ఒక్క మాటతో దారి మారిపోతుంది. బొగ్గు కార్మికుడికి వచ్చిన వట్టి క్షయ సాధారణంగా వృత్తిజన్య వ్యాధిగా లెక్కకు రాదు. నష్టపరిహార చట్టం మూడవ షెడ్యూలు 'సి' భాగంలో ఉన్నది సిలికో ట్యూబర్‌క్యులోసిస్, అదీ సిలికోసిస్ ముఖ్య కారణమని తేలినప్పుడే. వైద్యుడి చీటీలో ముందరి మూడక్షరాలు రాయబడ్డాయా లేదా అన్నదాని మీద కుటుంబానికి దక్కే హక్కు ఆధారపడి ఉంది.

ఇది మన దేశంలోనే జరిగిన పొరపాటు కాదు. బొగ్గు దుమ్ము హానికరం కాదనీ, ప్రమాదమంతా రాతి దుమ్ముతోనేననీ ఇంగ్లండు వైద్యులు కూడా చాలాకాలం నమ్మారు. సౌత్ వేల్స్ గనుల్లో 1930ల చివర మొదలై 1940ల్లో ప్రచురితమైన వైద్య పరిశోధన మండలి అధ్యయనాల తరువాతే బొగ్గు కార్మికుల న్యుమోకోనియోసిస్ విడిగా ఒక జబ్బుగా స్థిరపడింది. అంతకుముందు దిగిపోయిన కార్మికుడు ఏ పేరుతో దావా వేయగలడు? పేరే లేదు.

గడియారం ఎక్కడ మొదలైంది: 1923 నుంచి 1984 దాకా

కార్మిక నష్టపరిహార చట్టం 1923లో వచ్చింది, 1924 జులై 1 నుంచి అమలైంది. దాని ముఖ్య లక్ష్యం ప్రమాదాలు. జబ్బులు అనుబంధంగా వచ్చాయి. తొలి షెడ్యూలులో ఉన్నవి ఆంత్రాక్స్, సీసపు విషం, భాస్వరపు విషం వంటి, లక్షణాలు త్వరగా కనిపించే కొద్దిపాటి వ్యాధులు మాత్రమే. సెక్షన్ 10లో దావా గడువు ఉంది. మొదట అది ఆరు నెలలు. తరువాత ఏడాది అయింది. 1959 సవరణతో రెండేళ్లు అయింది. నేటికీ అదే రెండేళ్లు.

గడువు ఎంత అన్నదానికన్నా ఎప్పటి నుంచి అన్నది ముఖ్యం. ప్రమాదానికైతే ప్రమాదం జరిగిన రోజు నుంచి. జబ్బుకు శాసనకర్తలు ఒక కల్పన చేశారు: ఆ జబ్బు వల్ల కలిగిన అశక్తతతో కార్మికుడు వరుసగా పనికి రాకుండాపోయిన రోజుల్లో మొదటి రోజునే 'ప్రమాదం' జరిగినట్లు భావించాలి. శాసన నిర్మాణం దృష్ట్యా ఇది తెలివైన పరిష్కారమే. జబ్బుకు తేదీ లేదు, హాజరు పట్టికకు ఉంది. కనుక జబ్బును హాజరు పట్టికకు కట్టివేశారు.

గని హాజరు పట్టిక ఎలా ఉంటుందో తెలిసినవారికి ఇందులోని చిక్కు వెంటనే తోస్తుంది. సింగరేణి భాషలో పని చేసిన రోజు 'మస్టరు', రాని రోజు 'నాగా'. చేతనైనన్నాళ్లు మస్టర్లు నిలుపుకోవాలని చూడడం, చేతకానినాడు నాగా పెట్టడం, మళ్లీ రెండు రోజులకు దిగడం దమ్ము మనిషి బతుకు తీరు. వరుసగా రాకుండాపోయిన మొదటి రోజు అతని జీవితంలో చాలాకాలం వరకు రాదు. వచ్చినా ఆ గైర్హాజరుకు కారణం ఫలానా జబ్బు అని ఆ రోజే ఎవరో రాసి ఉండాలి. రాయకపోతే అది వట్టి నాగా. నాగాలు ఎక్కువై డిస్మిస్ అయిన కార్మికుల సమస్య కార్మిక సంఘాల డిమాండ్లలో దశాబ్దాలుగా ఉంది. వారిలో తాగుడు వల్ల రానివారెందరు, ఊపిరాడక రానివారెందరు అన్న ప్రశ్న వేసుకుంటే, హాజరు పట్టికలో ఆ రెంటికీ ఒకే గుర్తు ఉంటుంది.

1952లో గనుల చట్టం వచ్చింది. దాని సెక్షన్ 25 ప్రకారం ప్రకటిత వ్యాధి కనిపిస్తే యాజమాన్యం తెలియజేయాలి, చికిత్స చేసిన వైద్యుడు గనుల ముఖ్య తనిఖీ అధికారికి విడిగా నివేదించాలి. సిలికోసిస్, న్యుమోకోనియోసిస్ తొలి ప్రకటిత వ్యాధుల్లోనే ఉన్నాయి. వైద్యుడి మీద నేరుగా బాధ్యత మోపిన నిబంధన కనుక దీనిని ప్రత్యేకంగా గమనించాలి. అయితే గుర్తించిన జబ్బును తెలియజేయకపోవడం తప్పు అవుతుంది గాని, గుర్తించకపోవడం ఈ సెక్షన్ కింద తప్పు కాదు. చూడని కన్నుకు ఇందులో శిక్ష లేదు.

1984 సవరణ ఈ చరిత్రలో పెద్ద మలుపు. దుమ్ము జబ్బు పనికి రాకుండా చేయకముందే మనిషిని కొంత తినివేస్తుందన్న సంగతిని శాసనం అప్పటికి ఒప్పుకున్నది. పాక్షిక అశక్తత ఉండీ పనికి వస్తున్న కార్మికుడు యజమానికి నోటీసు ఇచ్చిన రోజు నుంచి రెండేళ్లు లెక్కించాలని ఒక మినహాయింపు వచ్చింది. పని మానేసినవాడికి మరొకటి: ఉద్యోగం ఆగిన రెండేళ్ల లోపు ఆ వృత్తికి ప్రత్యేకమైన జబ్బు లక్షణాలు కనిపిస్తే, ఆ లక్షణాలను మొదట కనుగొన్న రోజునే ప్రమాదం జరిగినట్లు భావించాలి.

ఈ రెండవ మినహాయింపును నెమ్మదిగా చదవాలి. 'కనుగొన్న రోజు' అన్న మాట చట్టంలోకి వచ్చింది. అది గొప్ప ముందడుగు. ఎవరు కనుగొన్న రోజు అన్నది రాయలేదు. మెట్లెక్కుతూ ఆగిపోయిన మనిషి తానే కనుగొన్న రోజా, ఎక్స్‌రే చూసిన వైద్యుడు కనుగొన్న రోజా? మొదటి అర్థం తీసుకుంటే గడువు తొందరగా మొదలై తొందరగా ముగుస్తుంది. రెండవది తీసుకుంటే వైద్యుడి ఆలస్యం కార్మికుడి మీద పడదు. అయితే రెండర్థాలకూ ముందే ఒక గోడ ఉంది: ఉద్యోగం ఆగిన రెండేళ్ల లోపు. మూడవ ఏట లక్షణాలు బయటపడితే ఈ మినహాయింపు వర్తించదు. అప్పుడు మొదటి కల్పనకు, అంటే పనికి రాకుండాపోయిన మొదటి రోజుకు తిరిగి వెళ్లాలి. రిటైరైన మనిషికి పనికి రాకుండాపోవడం అన్నదే ఉండదు.

ఇందులో మరో వైరుధ్యం కూడా ఉంది. ఉద్యోగం మానేసిన తరువాత వచ్చిన జబ్బు ఆ ఉద్యోగం వల్లే వచ్చిందని రుజువైతే దానిని ప్రమాదపు గాయంగానే భావించాలని సెక్షన్ 3 అంటుంది. అక్కడ రెండేళ్లన్న హద్దు లేదు. హక్కును ఇచ్చిన సెక్షన్ ఊపిరితిత్తి స్వభావాన్ని గుర్తించింది. గడువును పెట్టిన సెక్షన్ దానికి హద్దు గీసింది.

గడువు దాటినా తగిన కారణం ఉంటే కమిషనర్ దావాను స్వీకరించవచ్చునన్న నిబంధన సెక్షన్ 10లోనే ఉంది కదా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. 'నాకు జబ్బు ఉన్నదని నాకు తెలియదు' అన్నదాన్ని మించిన తగిన కారణం ఉండబోదు. కాని అది కమిషనర్ విచక్షణకు వదిలిన దయ. పైగా దాన్ని అడగడానికైనా జబ్బు పేరు రాసిన కాగితం ఒకటి చేతిలో ఉండాలి. గడువులకు వెనుక ఉన్న తర్కాన్ని కూడా తోసిపుచ్చలేము: ఏళ్లు గడిచేకొద్దీ సాక్షులు పోతారు, రికార్డులు చెదిరిపోతాయి, ఎన్నడో జరిగినదానికి ఎవరినైనా నిలబెట్టడం అన్యాయం అవుతుంది. ఈ తర్కం ప్రోనోటుకు సరిపోతుంది. సాక్ష్యం కాలంతో చెరిగేచోట అది సరైనది. న్యుమోకోనియోసిస్‌లో సాక్ష్యం కాలంతో పెరుగుతుంది. పదేళ్ల తరువాతి ఎక్స్‌రేలో మచ్చ మరింత స్పష్టంగా కనిపిస్తుంది.

ముందు రెండేళ్లు, వెనుక రెండేళ్లు:

మైన్స్ రూల్స్ ప్రకారం ప్రతి కార్మికుడికీ చేరేటప్పుడు ఒకసారి, ఆ తరువాత అయిదేళ్లకు మించకుండా వైద్యపరీక్ష జరగాలి; ఛాతీ ఎక్స్‌రే అందులో భాగం. ఎక్స్‌రేను చదివే పద్ధతిని అంతర్జాతీయ కార్మిక సంస్థ రూపొందించింది. మచ్చల సాంద్రతను 0 నుంచి 3 దాకా నాలుగు వర్గాలుగా, ఒక్కొక్క వర్గాన్ని మళ్లీ మూడుగా, మొత్తం పన్నెండు మెట్లుగా చూస్తారు. 1/0 అని రాస్తే, చదివిన వైద్యుడు మొదటి వర్గమని నిర్ణయించాడు గాని అసలు ఏమీ లేదేమోనని కూడా గట్టిగా ఆలోచించాడని అర్థం. 0/1 అంటే ఏమీ లేదని నిర్ణయించాడు, ఉందేమోనని ఆలోచించాడు. జబ్బు ఉన్నట్లు లెక్కించే గీత సాధారణంగా ఈ రెండింటి మధ్యనే ఉంటుంది. సందేహాన్ని దాచకుండా అంకెలోనే రాసిన ఈ పద్ధతి వైద్యశాస్త్రం నిజాయితీకి నిదర్శనం. అదే అంకె దావా కాగితం మీదికి వచ్చేసరికి ఆ సందేహం మాయమవుతుంది. 0/1 అయినవాడికి ఏమీ లేదు, 1/0 అయినవాడికి అంతా ఉంది.

అయిదేళ్ల పరీక్షను రెండేళ్ల గడువు పక్కన పెట్టి చూడాలి. చివరి పరీక్ష రిటైర్మెంటుకు మూడు నాలుగేళ్ల ముందు జరిగి, అందులో 0/1 వచ్చి ఉంటే, ఆ తరువాత అతడి ఛాతీని వృత్తిజన్య వ్యాధి కోసం చూసే అవసరం ఎవరికీ రాకపోవచ్చు. దిగిపోయే దినం వస్తుంది, దండలు వేస్తారు, మనిషి ఊరికో మంచిర్యాలలో కట్టుకున్న ఇంటికో వెళ్తాడు. రెండేళ్లు గడుస్తాయి.

ఇటువైపు ఇంకో గడువు ఉంది. జాతీయ బొగ్గు వేతన ఒప్పందం 9.4.0 క్లాజు ప్రకారం శాశ్వత అశక్తుడైన కార్మికుడి కుటుంబంలో ఒకరికి ఉద్యోగం ఇచ్చే ఏర్పాటు ఉంది. సాధారణ శారీరక దౌర్బల్యం కారణంగా అయితే అతడి వయస్సు 58 ఏళ్ల లోపు ఉండాలన్న షరతు ఉంది. అప్పటి రిటైర్మెంటు వయస్సు 60. అంటే చివరి రెండేళ్లలో ఆ తలుపు మూసుకుంటుంది. సింగరేణి ప్రాంతంలో 'మెడికల్ అన్‌ఫిట్', 'కొత్తగూడెం బోర్డు' అన్న మాటల చుట్టూ ఎంత ఆశ, ఎంత ఆందోళన, ఎంత రాజకీయం అల్లుకుని ఉన్నాయో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. కొడుకు ఉద్యోగం కోసం తండ్రి రోగి అని రుజువు కావాలని ఇల్లంతా కోరుకునే పరిస్థితిని మన కథకులు కొంతవరకు పట్టుకున్నారు. నా పరిశీలనకు సంబంధించినది దాని మరో ముఖం. ఉద్యోగం వస్తుందన్న ఆశ ఉన్నంతకాలం అశక్తత అన్నదే ముఖ్యమైంది, జబ్బు పేరు ముఖ్యం కాలేదు. దౌర్బల్యం అని రాసినా, గుండె అని రాసినా, ఊపిరితిత్తి అని రాసినా కొడుకుకు దొరికే ఉద్యోగం ఒకటే. ఉద్యోగం దొరికిన ఇంట్లో దుమ్ము జబ్బు నష్టపరిహారం కోసం విడిగా దావా వేయాలన్న ఆలోచన పుట్టడానికి చోటు ఉండదు. న్యుమోకోనియోసిస్ అన్న పేరు మన గనుల చరిత్రలో ఇంత తక్కువగా వినిపించడానికి వైద్యుల చూపు ఒక్కటే కారణం కాదనీ, ఈ ఏర్పాటు కూడా ఒక కారణమనీ నా అభిప్రాయం.

యజమాని, వైద్యశాల, బోర్డు ఒకే సంస్థలో భాగాలుగా ఉండడం ఈ మొత్తానికి చట్రం. గని పట్టణాలకు ఆ సంస్థ ఆసుపత్రి తప్ప మరో పెద్ద దిక్కు లేని దశాబ్దాల్లో అది గొప్ప సదుపాయం. కార్మికులు కొట్లాడి విస్తరింపజేసుకున్న హక్కు. ఏ వైద్యుడి నిజాయితీనీ శంకించకుండానే చెప్పవలసింది ఒకటుంది: జబ్బును కనుగొనవలసినవారూ, కనుగొంటే పరిహారం చెల్లించవలసినవారూ ఒకే గొడుగు కింద ఉన్నప్పుడు, కనుగొన్న తేదీనే దావాకు మొదటి తేదీగా పెట్టిన చట్టం ఆ తేదీని ఒక పక్షం చేతిలో ఉంచినట్లవుతుంది.

ఇదే చిక్కు మరికొన్ని దేశాల్లో:

దుమ్ము జబ్బే ఇతర దేశాల మియాదు చట్టాలను మార్చిందన్నది న్యాయచరిత్రలో ఆసక్తికరమైన సంగతి. అమెరికాలో ముప్పై ఏళ్లు ఆవిరి రైలింజన్లలో ఫైర్‌మన్‌గా పనిచేసి, పట్టాల మీద చల్లే ఇసుక దుమ్ము పీల్చి సిలికోసిస్‌కు గురైన కార్మికుడు 1940లో పని మానేసి, 1941లో దావా వేశాడు. గడువు మూడేళ్లు. జబ్బు అంతకన్నా ఎంతో ముందే మొదలైంది కనుక దావా చెల్లదని రైల్వే వాదించింది. యూరీ వర్సెస్ థాంప్సన్ కేసులో 1949లో అక్కడి సుప్రీంకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చింది. ఏ తప్పూ లేని అజ్ఞానానికి మనిషిని శిక్షించరాదనీ, పీల్చిన దుమ్ము ప్రభావం బయటపడినప్పుడే గాయపడినట్లనీ దాని సారాంశం.

ఇంగ్లండులో ఎదురుగా జరిగింది. ఉక్కు పోతలను నునుపు చేసే కార్మికులు 1956లో న్యుమోకోనియోసిస్‌కు దావా వేశారు. కార్ట్‌లెడ్జ్ వర్సెస్ జోప్లింగ్ అన్న ఆ కేసులో 1963లో ప్రభువుల సభ వారికి వ్యతిరేకంగా తీర్పు చెప్పింది: ఊపిరితిత్తికి నష్టం జరిగిననాడే గడువు మొదలైంది, అది ఎవరికీ తెలియకపోయినా, ఏ పరీక్షలోనూ కనిపించే వీలు లేకపోయినా. ఈ ఫలితం అన్యాయమని ఆ న్యాయమూర్తులే ఒప్పుకున్నారు. శాసనం అలా ఉందన్నారు. అదే ఏడాది పార్లమెంటు లిమిటేషన్ యాక్ట్ 1963 తెచ్చి, తెలియని జబ్బుకు దారి ఇచ్చింది. 1980 చట్టం నాటికి అది బాధితుడికి 'తెలిసిన తేదీ' నుంచి మూడేళ్లన్న నియమంగా స్థిరపడింది.

మన లిమిటేషన్ యాక్ట్ కూడా 1963దే. పేరూ సంవత్సరమూ ఒకటే కావడం యాదృచ్ఛికం. మోసం, పొరపాటు ఉన్నచోట అవి తెలిసిననాటి నుంచి గడువు లెక్కించే సెక్షన్ 17 మన చట్టంలో ఉంది. శరీరంలో తెలియకుండా పెరిగే గాయానికి ఇంగ్లండులో ఆ ఏడు వచ్చినటువంటి నియమం మనకు రాలేదు.

అమెరికా బొగ్గు గనుల్లో 1969 చట్టంతో మొదలైన 'బ్లాక్ లంగ్' పరిహారానికి మూడేళ్ల గడువు ఉంది. అది న్యుమోకోనియోసిస్ వల్ల పూర్తి అశక్తత అని వైద్యులు నిర్ణయించి కార్మికుడికి తెలియజేసిన తరువాతే మొదలవుతుంది. వైద్యుడు చెప్పనంతకాలం గడియారం కదలదు. బ్రిటన్‌లో 1998 జనవరిలో బ్రిటిష్ కోల్ సంస్థ బాధ్యతను కోర్టు నిర్ధారించిన తరువాత శ్వాసకోశ వ్యాధుల పరిహార పథకం వచ్చింది. దాని చివరి తేదీ 2004 మార్చి 31. ఆ లోపు అందిన దావాలు దాదాపు 5.9 లక్షలు. గనులు మూతపడిన ఎన్నో ఏళ్లకు అన్ని ఊపిరితిత్తులు లెక్కలోకి వచ్చాయంటే, రిటైరైన రెండేళ్ల లోపే లెక్క ముగించే చట్టం కింద అందులో ఎన్ని మిగిలేవో ఆలోచించవచ్చు.

వినియోగదారుల చట్టం అనే మరో దారి:

దుమ్ముకు కాక, దుమ్ము జబ్బును గుర్తించని వైద్యానికే దావా వేయవచ్చు కదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. 1995 నవంబరు 13న ఇండియన్ మెడికల్ అసోసియేషన్ వర్సెస్ వి.పి. శాంత కేసులో సుప్రీంకోర్టు వైద్యాన్ని వినియోగదారుల రక్షణ చట్టం పరిధిలోకి తెచ్చింది. ఆ తీర్పులో మన ప్రాంతానికి పనికివచ్చే అంశం ఒకటుంది: ఉద్యోగ షరతుల్లో భాగంగా యజమాని వైద్యపు ఖర్చు భరిస్తే ఆ వైద్యం ఉచితం కిందికి రాదు, అది చట్టపరమైన సేవే అవుతుంది. గని కార్మికుడు చెల్లించకుండా పొందిన వైద్యానికి కూడా జవాబుదారీతనం ఉందన్నమాట.

రోగనిర్ధారణలో పొరపాటుకు మన ప్రాంతం నుంచే వెళ్లిన ప్రముఖమైన కేసు హైదరాబాదుది: వి. కిషన్ రావు వర్సెస్ నిఖిల్ సూపర్ స్పెషాలిటీ హాస్పిటల్. మలేరియా విభాగంలో పనిచేసే ఉద్యోగి 2002 జులైలో చలిజ్వరంతో ఉన్న భార్యను ఆసుపత్రిలో చేర్చాడు. మలేరియాకు గాక టైఫాయిడ్‌కు చికిత్స జరిగింది, ఆమె మరణించింది. జిల్లా ఫోరం ఇచ్చిన 2 లక్షల రూపాయల పరిహారాన్ని పై కమిషన్లు కొట్టివేయగా, 2010 మార్చి 8న సుప్రీంకోర్టు పునరుద్ధరించింది. ప్రతి కేసులోనూ నిపుణుడి సాక్ష్యం తప్పనిసరి కాదని చెప్పడం ఆ తీర్పు ప్రాముఖ్యం. గడువు సమస్య అందులో తలెత్తలేదు. జ్వరం కొద్దిరోజుల్లో ముగిసింది, మరణానికి తేదీ ఉంది, భర్తకు జబ్బు పేరు తెలుసు. దమ్ము మనిషికి ఈ మూడూ ఉండవు.

1986 వినియోగదారుల చట్టంలో మొదట గడువే లేదు. 1993 సవరణతో వచ్చిన సెక్షన్ 24ఎ రెండేళ్ల గడువు పెట్టింది. 2019 చట్టంలో అది సెక్షన్ 69. ఆ రెండేళ్లు ఎప్పటి నుంచి అన్నది 2010 అక్టోబరులో శ్రీఖండే వర్సెస్ అనితా ఫెర్నాండెజ్ కేసులో చర్చకు వచ్చింది. 1993లో జరిగిన శస్త్రచికిత్సలో కడుపులో గాజుగుడ్డ ఉండిపోయిందని 2002లో మరో శస్త్రచికిత్సలో తేలింది. ఫిర్యాదు 2004లో వేశారు. తప్పు ప్రభావం వెంటనే కనిపిస్తే ఆ రోజు నుంచి, కనిపించకపోతే తగిన శ్రద్ధతో కనుగొనగలిగిన రోజు నుంచి గడువు లెక్కించాలన్న సూత్రాన్ని న్యాయస్థానం అంగీకరించింది. అంగీకరించి కూడా ఫిర్యాదు చెల్లదన్నది. తొమ్మిదేళ్లు నొప్పి ఉన్నప్పుడు, అందునా తాను అనుభవం ఉన్న నర్సు అయినప్పుడు, ఆమె ముందే వైద్యుడిని సంప్రదించి ఉండవలసిందని అభిప్రాయపడింది.

ఈ 'తగిన శ్రద్ధ' అన్న మాటను గని వాడకు తెచ్చి చూస్తే కష్టం అర్థమవుతుంది. దమ్ము కొన్నేళ్లుగా ఉంది. కనుక తెలిసి ఉండాలి అని వాదించవచ్చు. కాని దమ్ము ఉండడం వేరు, అది దుమ్ము వల్ల వచ్చిన న్యుమోకోనియోసిస్ అని తెలియడం వేరు. వైద్యుడు క్షయ అని చెప్పి ఆరు నెలలు మందులు మింగించిన మనిషి చూపగలిగిన శ్రద్ధ ఆ మందులు క్రమం తప్పకుండా మింగడమే. నర్సుకు వర్తింపజేసిన ప్రమాణాన్ని కోల్ ఫిల్లర్‌కు వర్తింపజేయరాదని అదే తీర్పు తర్కం నుంచి వాదించవచ్చునని నాకు తోస్తుంది.

రికార్డు ఆయుస్సు:

1995 జనవరి 27న కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వర్సెస్ భారత ప్రభుత్వం కేసులో ఆస్‌బెస్టాస్ కార్మికుల గురించి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును జస్టిస్ కె. రామస్వామి రాశారు. కార్మికుడి ఆరోగ్యం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమన్న వాక్యం కోసం ఆ తీర్పును ఎక్కువగా ఉదాహరిస్తారు. అంతగా ఉదాహరించని ఆదేశం ఒకటి అందులో ఉంది. ప్రతి కార్మికుడి వైద్య రికార్డును ఉద్యోగంలో చేరిన నాటి నుంచి 40 ఏళ్లు, లేదా ఉద్యోగం ముగిసిన తరువాత 15 ఏళ్లు, ఏది తరువాత వస్తే అంతవరకు భద్రపరచాలి. ఊపిరితిత్తిలో దుమ్ము ఎంత నెమ్మదిగా పనిచేస్తుందో ఆ అంకెలు రాసినవారికి తెలుసు.

రిటైరైన 15 ఏళ్ల దాకా రికార్డు బతికి ఉండాలని ఒక శాసనం. రెండేళ్ల లోపు లక్షణాలు కనిపించకపోతే తేదీయే లేదని మరో శాసనం. 2010లో పాత చట్టం పేరు ఉద్యోగుల నష్టపరిహార చట్టంగా మారింది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్ 2020 దాని స్థానాన్ని తీసుకుంది. రెండేళ్ల లెక్క అందులోకి కూడా వచ్చింది.

తెలుగు సాహిత్య విద్యార్థిగా నాకు ఇందులో ఒక సొంత పని కనిపిస్తున్నది. అల్లం రాజయ్య, పి. చంద్ వంటివారు సింగరేణి కార్మిక జీవితాన్ని కథావస్తువుగా నిలిపారు. వారిని తరగతిలో బోధించేటప్పుడు సమ్మెలు, నిర్బంధం, కప్పు కూలిన ప్రమాదాలు మా చర్చలో ముందుకు వచ్చినంతగా, దిగిపోయిన తరువాత నులకమంచం మీద కూర్చున్న మనిషి శ్వాస రాలేదు. ప్రమాదానికి కథలో సన్నివేశం అయ్యే గుణం ఉంది, దమ్ముకు లేదు. మౌఖిక చరిత్ర సేకరణలో మనం సాధారణంగా అడిగే ప్రశ్నలు ఏ బాయిలో చేశావు, ఏ యూనియన్, ఏ సమ్మె. వీటికి తోడు మరికొన్ని అడగవచ్చు: కప్పు తొలిచే పని ఎన్నేళ్లు, మెట్లెక్కుతూ మొదట ఆగింది ఎప్పుడు, మొదటి ఎక్స్‌రే ఏ ఊళ్లో, చీటీలో ఏమని రాశారు, ఆ చీటీ ఇంట్లో ఉందా. మంచిర్యాలలో నేను మాట్లాడిన కొన్ని ఇళ్లలో ఉంది. బీరువా మీద, పెళ్లి ఫొటోల ఆల్బం కింద, పసుపురంగు కవరులో.